పిల్లాణ్ణి కాలేజీకి ఒంటరిగా పంపొద్దు



ఈసారి పోస్టు తామర పురుగు మీద కాదు, మిర్చి రేటు మీదా కాదు. మన పిల్లల మీద. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ నడుస్తోంది, డిగ్రీ అడ్మిషన్లు కూడా మొదలయ్యాయి. ఇంకొన్ని రోజుల్లో మన ఊళ్ళ నుంచి పిల్లలు ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు చుట్ట పట్టుకుని బస్సెక్కుతారు. చాలా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కే మొదటి మనిషి వాళ్ళే. ఆ ఇళ్ళవాళ్ళు ఇది చివరిదాకా చదవండి. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

మనకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతా. ఒకప్పుడు మిర్చి నారు మనమే మళ్ళలో పోసుకునేవాళ్ళం. పీకి, కట్టలు కట్టి, తీసుకెళ్ళి నాటేవాళ్ళం. వేరుకు మట్టి ఉండేది కాదు. నాటిన వారం మొక్కలన్నీ తల వాల్చేసేవి. కొన్ని తేరుకునేవి, కొన్ని చచ్చేవి. మళ్ళీ పోగుంటలు నాటుకునేవాళ్ళం. ఇప్పుడు చాలామందిమి షేడ్‌నెట్ నర్సరీ నుంచి ట్రేల్లో నారు తెచ్చుకుంటున్నాం. వేరు చుట్టూ కొబ్బరి పొట్టు ముద్దగా అంటుకుని ఉంటుంది. నాటిన మర్నాడే మొక్క నిటారుగా నిలబడుద్ది. విత్తనం అదే, చేను అదే. తేడా అల్లా వేరు చుట్టూ ఏదన్నా ఉందా లేదా అన్నదే.

మన పిల్లల్ని మాత్రం ఇప్పటికీ వట్టి వేరుతోనే నాటుతున్నాం. వాడిపోతే విత్తనం మంచిది కాదంటున్నాం. నేనూ అన్నా. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ పోస్టు.

మా వీధిలో ఒక పిల్లాడు, పేరు రాయను. వాళ్ళ నాన్నకు సొంతం రెండెకరాలు, కౌలుకు ఇంకో నాలుగు. పిల్లాడు జెడ్పీ హైస్కూల్లో, తెలుగు మీడియంలో చదివి పదో తరగతిలో ఊరికే ఫస్టు వచ్చాడు. ఇంటర్ కూడా బాగానే గట్టెక్కాడు. సిటీలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఆ రోజు వాళ్ళ నాన్న వీధంతా స్వీట్లు పంచాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు పోను మిగతా ఖర్చుకి, రూము అద్దెకి వడ్డీకి తెచ్చాడు.

మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చాడు. ఫలితాల్లో నాలుగు సబ్జెక్టులు పోయినయి. మళ్ళీ బస్సెక్కలేదు. వాళ్ళ నాన్న కొట్టాడు, అమ్మ ఏడ్చింది. రచ్చబండ దగ్గర మేమందరం కూర్చుని తీర్పు చెప్పేశాం. ఒకాయన ఫోను చెడగొట్టిందన్నాడు. ఇంకొకాయన సిటీ గాలి సోకిందన్నాడు. నేను ఇంకో మాట అన్నా: "మన బడి ఫస్టు మన ఊళ్ళోనే చెల్లుద్ది, అక్కడ చెల్లుద్దా!" నలుగురూ నవ్వారు. ఆ పిల్లాడు అప్పుడు పక్కన కిరాణా కొట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఆ ఏప్రిల్లో కల్లంలో కాయ ఎండబోసి రాత్రి కాపలాకి పడుకున్నా. వాళ్ళ కల్లం మా పక్కనే. వాళ్ళ నాన్న బదులు ఆ పిల్లాడొచ్చాడు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మాటల్లో అన్నాడు: "పెదనాన్నా, నేను చదవలేదని అందరూ అనుకుంటున్నారు. రోజూ రాత్రి రెండింటిదాకా చదివా. ఏం చదవాలో తెలియక చదివా."

ఆ మాటకి నేను లేచి కూర్చున్నా. మెల్లగా ఒక్కోటీ చెప్పాడు. పాఠం అంతా ఇంగ్లీషులో. మొదటి నెల లెక్కలు తప్ప ఏదీ సరిగా అర్థం కాలేదు. ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చోవడం అదే మొదలు. పక్కవాణ్ణి అడిగితే "ఇది కూడా రాదా?" అని నవ్వాడంట. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు. మొదటి మిడ్ పరీక్ష రోజు జ్వరమొచ్చింది. అసలు పరీక్ష చివర్లో ఉంటుంది గదా, ఇది పోయినా పర్లేదనుకుని రూములో పడుకున్నాడు. ఆ మార్కులు చివర్లో కలుస్తాయని వాడికి చెప్పినోడు లేడు. మిగతా పిల్లలు ఒకే ఇంటర్ కాలేజీ నుంచి పదేసి మంది కలిసొచ్చారు. పాత ప్రశ్న పత్రాలు, సీనియర్ల నోట్సులు వాళ్ళలో వాళ్ళే పంచుకునేవాళ్ళు. వీడు హాస్టల్ ఖర్చు భరించలేక ఊరి చివర కంపెనీ పనికి పోయేవాళ్ళతో కలిసి రూములో ఉన్నాడు. మధ్యాహ్నం క్యారేజీ మెట్ల కింద ఒక్కడే కూర్చుని తినేవాడు.

"సార్‌ని అడగొచ్చు గదరా?" అన్నా.

"అడిగితే నాకు రాదని తెలిసిపోద్ది గదా పెదనాన్నా" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో తెలివి తక్కువ ఎక్కడుంది? సోమరితనం ఎక్కడుంది?

మన వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. సిటీలో ఉద్యోగం మానేసి పొలం కొనుక్కుని వ్యవసాయం చేద్దామని వచ్చినోళ్ళని మనం చూశాం. పెద్ద చదువులు చదివిన మనుషులే. మొదటి ఏడు నష్టపోతారు. ఏ కొట్లో విత్తనం నమ్మొచ్చు, ఏ వర్షానికి దుక్కి దున్నాలి, ఏ మేస్త్రీ చెబితే కూలీలు వస్తారు, యార్డులో ఏ రోజు సరుకు దించకూడదు, ఇవేవీ పుస్తకాల్లో ఉండవు. మనకు గట్టు మీద పక్క రైతు చెప్తాడు. ఆయనకు గట్టు మీద మనిషి లేడు. కాలేజీలో మన పిల్లాడి పరిస్థితీ అంతే. నాన్న ఇంజనీరో, అక్క డాక్టరో అయిన ఇంట్లో పిల్లాడికి రాత్రి ఫోనులో అన్నీ తెలుస్తాయి. మన పిల్లాడు ఫోన్ చేస్తే మనం అడిగేది ఒకటే, "అన్నం తిన్నావా? బాగా చదువు." అంతకన్నా చెప్పడానికి మనకూ తెలియదు పాపం.

దీని గురించి ఆ తర్వాత చాలా చదివా. ఇది మన ఊళ్ళ కథ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్లీ అని పెద్ద యూనివర్సిటీ ఉంది. 1970లలో యూరి ట్రైస్మన్ అనే ఆయన అక్కడ లెక్కల విద్యార్థి, పాఠాలు కూడా చెప్పేవాడు. మొదటి ఏడాది క్యాలిక్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎక్కువగా తప్పుతున్నారు. చైనా మూలాలున్న పిల్లలు బాగా గట్టెక్కుతున్నారు. ఎందుకని టీచర్లను అడిగితే వాళ్ళు చెప్పిన కారణాలు వినండి: ఆ పిల్లలకు పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదు, పేదరికం. అచ్చం మన రచ్చబండ తీర్పే. అక్కడ కోట్లు వేసుకుని చెప్పారు, ఇక్కడ మనం కండువాలు వేసుకుని చెప్పాం.

ట్రైస్మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఇటు 20 మందిని, అటు 20 మందిని తీసుకుని నెలల తరబడి వెంట తిరిగి, వాళ్ళు ఎలా చదువుతున్నారో కళ్ళారా చూశాడు. టీచర్లు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. ఆ నల్లజాతి పిల్లల్లో చాలామంది వాళ్ళ బడుల్లో ఫస్టులే. ఇంట్లో అమ్మానాన్నలు ప్రాణం పెట్టి చదివించినవాళ్ళే. క్లాసు గంటకి రెండు గంటలు ఇంట్లో చదవాలని కాలేజీ చెప్పింది. వారానికి నాలుగు గంటల క్లాసు, కాబట్టి ఎనిమిది గంటలు చదివారు. చెప్పింది చెప్పినట్టు చేశారు. కానీ ఒంటరిగా.

చైనా మూలాల పిల్లలు వారానికి 14 గంటలు చదివేవాళ్ళు. అందులో చాలా భాగం ఒంటరిగానే చదివినా, సాయంత్రాలు నలుగురూ ఒకచోట కూర్చునేవాళ్ళు. ఒకడి లెక్క ఇంకొకడు సరిచూసేవాడు. అందరికీ రాని లెక్క ఉంటే అది నిజంగానే కష్టమైందని అర్థమయ్యేది. సార్‌కి ఏం కావాలో, ఏది పరీక్షలో వస్తుందో మాటల్లోనే తెలిసిపోయేది. ఒంటరిగా ఉన్నవాడికి లెక్క రాకపోతే "నాకే బుర్ర లేదు" అనుకుంటాడు. గుంపులో ఉన్నవాడు "ఇది మనందరికీ రాలేదు, రేపు సార్‌ని అడుగుదాం" అనుకుంటాడు. మా వీధి పిల్లాడు మెట్ల కింద క్యారేజీ తింటూ అనుకున్నది మొదటి మాట.

తర్వాత ట్రైస్మన్ ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. వీళ్ళకి విడిగా రెమిడియల్ క్లాసు పెట్టలేదు. మామూలు క్లాసు కంటే కష్టమైన లెక్కలిచ్చి, చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, కలిసి చెయ్యమన్నాడు. మీరు తెలివైనవాళ్ళు కాబట్టే ఇక్కడ ఉన్నారన్నట్టు నడిపాడు. ఫలితాలు మారిపోయాయి. ఆ పద్ధతి తర్వాత అమెరికాలో ఇంకా చాలా యూనివర్సిటీలకు పాకింది.

ఇది మన కాలేజీల వాళ్ళు కూడా వినాల్సిన మాట. మన దగ్గర ఏం చేస్తారు? తప్పినోళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టి, సాయంత్రం రెమిడియల్ క్లాసుకి రమ్మంటారు. అందరూ బస్సెక్కుతుంటే వీళ్ళు తల దించుకుని ఆ గదిలోకి పోవాలి. పోతారా? మొహమాటంతో సగం మంది పోరు. వయసులో ఉన్న పిల్లలకి మార్కుల కంటే పరువు పెద్దది. సాయం చెయ్యాలంటే పరువు తీయకుండా చెయ్యాలి.

ఇంకో సంగతి. 1989లో న్యూయార్క్‌లో డెబొరా బియల్ అనే ఆవిడ పోసీ ఫౌండేషన్ అని మొదలుపెట్టింది. పోసీ అంటే అక్కడి కుర్రాళ్ళ మాటల్లో మన బ్యాచ్ లాంటిది. ఒకే నగరంలోని పిల్లల్ని పదేసి మందిని ఒక జట్టుగా ఎంచి, ఒకే కాలేజీకి పంపుతారు. చేరడానికి నెలల ముందు నుంచే వారం వారం కూర్చోబెట్టి తయారు చేస్తారు. చేరాక కాలేజీలో ఒక పెద్ద మనిషి వాళ్ళని కలుస్తూ ఉంటాడు. దాని వెనక ఉన్న ఆలోచన ఎంత చిన్నదో చూడండి. పిల్లాడు ఒంటరిగా పోతే వెనక్కొస్తాడు, జట్టుగా పోతే నిలబడతాడు. అంతే.

నేను గొప్పలు చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. న్యూయార్క్‌లోనే కింగ్స్‌బరో అనే ఒక కమ్యూనిటీ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల్ని పాతిక మందికి మించకుండా గుంపులు చేసి, మొదటి సెమిస్టర్ మూడు సబ్జెక్టులు కలిపి ఒకే గుంపుగా చదివించారు. పుస్తకాలకు కొంత సాయం కూడా ఇచ్చారు. గుంపులో చేరినవాళ్ళని, చేరనివాళ్ళని లాటరీ పద్ధతిలో ఎంచి పోల్చి చూశారు. మొదటి సెమిస్టర్లో గుంపు పిల్లలు ఎక్కువ సబ్జెక్టులు పాసయ్యారు. కాలేజీ మాది అనే భావం కూడా వాళ్ళలో ఎక్కువుంది. కానీ ఆ తర్వాత ఏళ్ళలో తేడా ఓ మోస్తరుగానే ఉంది, అద్భుతం ఏమీ జరగలేదు. ఒక్క సెమిస్టర్ తోడు ఇచ్చి వదిలేస్తే అంత మేరకే పనిచేసింది. ఒక తడి ఇచ్చి పంట మొత్తం పండాలంటే పండదు గదా. అయినా నాటిన వెంటనే ఇచ్చే తడి విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మన దేశంలో కాగితం మీద ఏర్పాట్లు ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్ళకి మొదట్లో మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం నడపాలని ఏఐసీటీఈ చెప్పింది. ఇరవై మందికి ఒక టీచర్ మెంటర్‌గా ఉండాలి, ఆ చిన్న గుంపు కలిసి మెలిసి ఉండాలి, ఇదీ అందులో ఉంది. డిగ్రీ కాలేజీలకు కూడా ఇలాంటిదే యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో తెచ్చింది. మరి మన పిల్లలకి ఇవి ఎందుకు అందట్లేదు? కొన్ని కాలేజీలు నాలుగు ఉపన్యాసాలు పెట్టి, ఫోటోలు దిగి చేతులు దులుపుకుంటాయి. కానీ తప్పు మనదీ ఉంది. "మొదట్లో పాఠాలేం చెప్పరంట, నాట్లయ్యాక పోదువులే" అని పిల్లాణ్ణి ఇంట్లో ఉంచుకునేది మనమే. పాఠాలు చెప్పని ఆ మూడు వారాల్లోనే జట్లు కడతారు. మనవాడు పోయేసరికి బెంచీలు నిండిపోయి ఉంటాయి.

ఇక్కడ మనం మాట్లాడటానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. మన ఊళ్ళ పిల్లల్లో కూడా అందరి ఒంటరితనం ఒకటి కాదు. రైతుల పిల్లలకి సిటీలో ఎవరో ఒక బంధువు, ఒక కులపోడు, ఒక హాస్టల్ దొరుకుతుంది. ఎస్సీ కాలనీ పిల్లాడికి, తండా పిల్లకి ఆ గడప కూడా ఉండదు. పైగా రిజర్వేషన్ సీటు అని వెనక గుసగుసలు. 2007లో ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో విచారించి ఇచ్చిన రిపోర్టులో ఇదే ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టళ్ళలో వేరుపడిపోయి ఒకచోట చేరాల్సి వచ్చిందని, ఆటల్లో, భోజనాల దగ్గర, టీచర్ల దగ్గర కూడా వాళ్ళని దూరం పెట్టారని రాశారు. దేశంలో అంత పెద్ద డాక్టర్ కాలేజీలోనే అలా ఉంటే మిగతా చోట్ల సంగతి ఏం చెప్పను?

కాబట్టి జట్టు కట్టమని నేను అంటే, మన వీధి పిల్లల జట్టు కట్టమని కాదు. ఊరి పిల్లలందరి జట్టు. మన చేలో కలిసి కలుపు తీసిన తల్లుల పిల్లలు సిటీలో కలిసి కూర్చుని లెక్క చేస్తే మనకు పోయేదేం లేదు. ఇది కొందరికి నచ్చదని తెలుసు. నచ్చకపోయినా రాస్తున్నా.

ఆడపిల్లల సంగతి ఇంకోటి. మగపిల్లాడు తప్పితే సప్లిమెంటరీ రాయిస్తాం. ఆడపిల్ల తప్పితే సంబంధాలు చూస్తాం. అందుకే చాలామంది ఆడపిల్లలు కాలేజీలో కష్టం ఉన్నా ఇంట్లో చెప్పరు. చెబితే చదువు ఆగిపోద్దని భయం. వాళ్ళకి తోడు ఇంకా ఎక్కువ కావాలి.

మంచిదే కానీ గుంపులు కడితే చెడు తిరుగుళ్ళు మరుగుతారు గదా అంటారు మీరు. నాకూ ఆ భయం ఉంది. కానీ ఒక మాట. పిల్లాడు ఎటూ ఎవరో ఒకరితో కూడతాడు. ఆ వయసు అలాంటిది. మంచి జట్టు మనం చూపించకపోతే ఏ జట్టు దొరికితే దాంట్లో పడతాడు. ఒంటరిగా ఉన్న పిల్లాణ్ణే చెడ్డవాళ్ళు ముందు పలకరిస్తారు. ఊరోళ్ళే కలిసి ఉంటే బయటివాళ్ళతో కలవరని ఇంకో మాట అంటారు. అది కొంత నిజమే. అందుకే జట్టులో బయటి పిల్లల్ని కూడా కలుపుకోమని చెప్పాలి. కాళ్ళ కింద నేల ఉన్నవాడికే పక్కకి అడుగెయ్యడానికి ధైర్యం వస్తుంది.

మనకు ఇది కొత్త కూడా కాదు. బదులు పని మనందరికీ తెలిసిందే. ఇవాళ నీ చేనుకి నేనొస్తా, రేపు నా చేనుకి నువ్వు రా. డబ్బు చేతులు మారదు, రెండు చేలూ అవుతాయి. చదువులో కూడా బదులు పని పెట్టుకోవాలి.

ఇక ఏం చెయ్యాలో నాకు తోచింది రాస్తున్నా. మీకు ఇంకా తెలిస్తే కలపండి.

1. సీటు ఖాయం అయిన వారంలోనే ఊళ్ళో, పక్క ఊళ్ళలో ఎవరెవరు ఏ కాలేజీకి పోతున్నారో ఒక కాగితం మీద రాయండి. ఒకే కాలేజీకి, లేదా ఒకే సిటీకి పోయేవాళ్ళని బస్సెక్కకముందే కూర్చోబెట్టి పరిచయం చెయ్యండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు కూడా, రెండు కాలేజీలు ఒకే రకంగా ఉంటే, మన వైపు సీనియర్లు ఉన్న కాలేజీ ముందు పెట్టండి.

2. మొదటి రోజు నుంచే పంపండి. నాట్లకి కూలీ పెట్టుకుందాం. ఆ మూడు వారాలు మళ్ళీ రావు.

3. చేర్చడానికి వెళ్ళినప్పుడు ఫీజు కౌంటర్ దగ్గర నుంచే తిరిగి రావద్దు. "మావాడికి మెంటర్ సార్ ఎవరండీ?" అని అడగండి. ఆయన్ని కలిసి నమస్కారం పెట్టి రండి. మన వేషం చూసి మొహమాటపడక్కర్లేదు. అడగడం మన హక్కు. ర్యాగింగ్ గురించి భయం ఉంటే యూజీసీ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522 పిల్లల ఫోనులో పెట్టించండి.

4. చదువుకునే జట్టు నలుగురైదుగురికి మించొద్దు. వారానికి రెండు సాయంత్రాలు, టైము ఖాయంగా. ముందు ఎవరి లెక్క వాళ్ళు చెయ్యాలి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోవాలి. నోట్సు కాపీ కొట్టుకోవడం జట్టు చదువు అనిపించుకోదు. వాట్సాప్ గ్రూపు పెట్టుకుని అదే చదువు అనుకోవడం కూడా అంతే.

5. మొదటి మిడ్ పరీక్షలకి ముందు ఒక ఆదివారం సీనియర్ ఒకడు కూర్చుని అన్నీ చెప్పాలి. మిడ్ మార్కులు ఎలా కలుస్తాయి, హాజరు 75 శాతం తగ్గితే ఏమవుతుంది, ల్యాబు రికార్డు ఎప్పుడివ్వాలి, సప్లిమెంటరీ ఎప్పుడుంటుంది. రెండు గంటల పని. ఆ రెండు గంటలు మా వీధి పిల్లాడికి దొరకలేదు.

6. ఫోనులో "మార్కులెన్ని?" అని అడిగేముందు "ఎవరితో కూర్చుంటున్నావు? ఎవరితో అన్నం తింటున్నావు?" అని అడగండి. మొదటి నెల దాటినా ఒక్కడే తింటున్నానంటే, మొక్క తల వాల్చిందని అర్థం. పని ఆపుకుని ఒకసారి వెళ్ళి రండి.

7. ఒక సెమిస్టర్ తప్పితే ఇంటికి తీసుకురావద్దు. మొదటి సెమిస్టర్లో తప్పి తర్వాత గట్టెక్కినవాళ్ళు ప్రతి కాలేజీలో ఉంటారు. వాళ్ళలో ఒకరిని వెతికి పట్టుకుని మాట్లాడించండి.

ఇవన్నీ చేస్తే అందరూ ఫస్టులొస్తారని చెప్పను. రెండేళ్ళ కిందట మా ఊరి కాలనీ పిల్ల ఒకతి, పక్క ఊళ్ళ పిల్లలు ముగ్గురు ఒకే కాలేజీలో చేరి ఒకే రూములో ఉన్నారు. వాళ్ళకీ ఇంగ్లీషు కష్టమైంది. మా ఊరి పిల్లకి లెక్కల్లో ఒక సబ్జెక్టు పోయింది కూడా. కానీ ఆ సాయంత్రమే మిగతా ముగ్గురూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారంట. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఇప్పుడు మూడో ఏడాది. మా వీధి పిల్లాడికీ ఈ అమ్మాయికీ తెలివిలో తేడా ఉందని నేననుకోను.

ఆ పిల్లాడు ఇప్పుడు బొలేరో నడుపుతున్నాడు. సీజన్లో మన టిక్కీలు గుంటూరు యార్డుకి తోలేది వాడే. కష్టపడుతున్నాడు, ఆ పనిలో తప్పేం లేదు. కానీ వాడు కోరుకున్నది అది కాదు. వాళ్ళ నాన్న తెచ్చిన అప్పు మొన్నమొన్నటిదాకా తీరలేదు.

మొన్న ఆదివారం ఈ ఏడు కాలేజీలకి పోయే మా ఊరి పిల్లలు ఆరుగురిని, పక్క ఊళ్ళ పిల్లల్ని నలుగురిని మా బడిలో కూర్చోబెట్టాం. మూడో ఏడాది చదివే ఆ అమ్మాయి అన్నీ చెప్పింది. బొలేరో పిల్లాణ్ణి కూడా రమ్మని అడిగా. రానన్నాడు. ఫెయిలైనోడు ఏం చెప్తాడు పెదనాన్నా అన్నాడు. రచ్చబండ దగ్గర ఆ రోజు నేనన్న మాట తప్పని వాడి ముందు ఒప్పుకున్నా. "విన్నాలే" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు.

కానీ ఆదివారం వచ్చాడు. వెనక నిలబడ్డాడు. చివర్లో ముందుకొచ్చి ఒక్కటే చెప్పాడు: "మొదటి మిడ్డుకి జ్వరమొచ్చినా పోండి. పోలేకపోతే ఆ రోజే పక్కోడికి చెప్పి సార్‌కి తెలియజెయ్యండి. పక్కోడు లేకపోతే నాకు ఫోన్ చెయ్యండి." పిల్లలు పదిమందీ వాడి నంబరు రాసుకున్నారు.

మీ ఊళ్ళో కూడా ఒక్క ఆదివారం పెట్టండి. పది కుర్చీలు, కాస్త టీ చాలు. ఏ కాలేజీలో మన వైపు సీనియర్లు ఉన్నారో తెలిసినవాళ్ళు మీ ఊరి గ్రూపులో పెట్టండి. వచ్చే పోస్టులో మళ్ళీ తామర పురుగు గురించి మాట్లాడుకుందాం.

ఉంటా.